ఒక ఇంటి పేరు నడిచిన దారి: ఐర్లండ్ కెన్నెడీల కథ



ఈసారి సంఘం వాళ్లు ఇంటి పేర్ల మీద మాట్లాడమన్నారు. మన ఇంటి పేర్ల సంగతి, ఏ పేరు ఏ గట్టులోకి వస్తుంది, ఎవరికి ఎవరు వరస అవుతారు అనే సంగతి మాకంటే మన పెద్దలకే బాగా తెలుసు. అది వాళ్ల నోట వినడమే న్యాయం. అందుకని మేము మరో దేశపు ఇంటి పేరు ఒకటి ఎంచుకున్నాం. కెన్నెడీ. అమెరికా అధ్యక్షుడి పేరుగా మీలో చాలామంది పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. ఆ పేరు అమెరికాలో పుట్టలేదు. సుమారు వెయ్యేళ్ల కిందట ఐర్లండ్‌లో ఒక నది ఒడ్డున పుట్టింది. అది నది దాటింది, భూమి పోగొట్టుకుంది, తన ముందున్న అక్షరాన్ని పోగొట్టుకుంది, ఆకలితో సముద్రం దాటింది. ఆ దారి వింటే మన పేర్ల వైపు కూడా కొంచెం శ్రద్ధగా చూస్తామని మా ఆశ.

ముందు ఐర్లండ్ ఎక్కడుందో చూద్దాం. యూరప్‌కు పడమటి అంచున, ఇంగ్లండు పక్కన ఉన్న ద్వీపం. ద్వీపం మొత్తం కలిపినా మన తెలంగాణ కంటే చిన్నది. వాన ఎక్కువ, పచ్చిక ఎక్కువ, పశువులే సంపద. వాళ్ల సొంత భాష ఐరిష్. ఇంగ్లీషుకూ దానికీ పోలికే ఉండదు. అక్కడ జనం తెగలుగా, వంశాలుగా ఉండేవారు. ప్రతి తెగకూ ఒక నాయకుడు, ఒక ప్రాంతం, వంశావళి చెప్పే వాళ్లు కొందరు.

యూరప్‌లో తరతరాలకూ నిలిచే ఇంటి పేర్లు ముందుగా ఏర్పడిన చోట్లలో ఐర్లండ్ ఒకటి. అంతకు ముందు ఒక మనిషిని ఫలానావాడి కొడుకు అని చెప్పుకొనేవారు. తరం మారితే ఆ పేరూ మారిపోయేది. పదో శతాబ్దం నుంచి ఒక గొప్ప పూర్వీకుణ్ణి పట్టుకొని, అతని పేరునే అన్ని తరాలకూ ఉంచడం మొదలైంది. దానికి రెండు చిన్న మాటలు వాడారు. 'మాక్' అంటే కొడుకు. 'ఓ' అంటే మనవడు, ఆ వంశంవాడు. 916లో చనిపోయిన ఒక నాయకుణ్ణి వాళ్ల చరిత్రల్లో 'ఓ క్లేరీ' వంశం వాడిగా రాశారు. ఇలా రాతలో నిలిచిన ఇంటి పేర్లలో అది చాలా పాతది. ఓ తర్వాత పైన కామా లాంటి గుర్తు పెట్టడం ఇంగ్లీషు రాతలో వచ్చిన అలవాటు. ఐరిష్‌లో ఓ మీద ఒక ఏటవాలు గీత ఉంటుంది, అంతే.

ఇప్పుడు మన కథలోని పేరు దగ్గరకు వద్దాం. షానన్ అనేది ఐర్లండ్‌లో అన్నింటికంటే పొడవైన నది. దాని పడమటి వైపు, ఇప్పుడు క్లేర్ అనే జిల్లాలో డాల్ గాష్ అనే తెగ ఉండేది. వాళ్ల నాయకుడి పేరు కెన్నేటిగ్. 951లో చనిపోయాడు. ఆయన కొడుకుల్లో ఒకడు బ్రియాన్ బోరు. ఐర్లండ్ మొత్తానికీ పెద్ద రాజుగా నిలిచినవాడు. 1014లో డబ్లిన్ దగ్గర క్లాంటార్ఫ్ యుద్ధంలో అతని సైన్యం గెలిచింది గానీ అతను అక్కడే చనిపోయాడు. బ్రియాన్ సంతతి వాళ్లు 'ఓ బ్రియాన్' అయ్యారు. ఇప్పుడు ఓబ్రయన్ అంటున్నది ఆ పేరునే. బ్రియాన్ తోబుట్టువు డొన్‌హువాన్ సంతతిలో తాత కెన్నేటిగ్ పేరు మళ్లీ పెట్టుకున్నారు. వాళ్లు 'ఓ కినేడె' అయ్యారు. అంటే కినేడె వంశం వాళ్లు. ఇదే తర్వాత ఇంగ్లీషు నోట్లో పడి కెన్నెడీ అయింది. అంటే ఓబ్రయన్లు, కెన్నెడీలు దాయాదులు. పేర్లు వేరైనా మూలపురుషుడు ఒక్కడే.

ఆ పేరుకు అర్థం కూడా చెప్పుకోవాలి. ఐరిష్‌లో 'కాన్' అంటే తల. రెండో భాగానికి కవచం అని కొందరు, అందం లేనిది అని కొందరు అర్థం చెబుతారు. కాబట్టి శిరస్త్రాణం పెట్టుకున్నవాడు అనుకోవచ్చు, వికారమైన తల ఉన్నవాడు అని కూడా అనుకోవచ్చు. రెండో అర్థం విని ఆ ఇంటివాళ్లు ఎవరూ పేరు మార్చుకోలేదు. ఈ ముక్క కొంచెం గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

చెల్లెళ్లు వినాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఐరిష్‌లో ఆడవాళ్ల ఇంటి పేరు మగవాళ్ల పేరులా ఉండదు. ఆ ఇంట్లో పుట్టిన అమ్మాయి 'నీ ఖినేడె'. అంటే ఆ వంశపు కూతురు. ఆ ఇంటికి కోడలుగా వచ్చినావిడ 'ఈ ఖినేడె'. పేరు చెప్పగానే ఆమె ఆ ఇంట పుట్టిందా, మెట్టిందా అన్నది తెలిసిపోతుంది. ఇంగ్లీషు రికార్డుల్లోకి ఎక్కాక కొడుకు, కూతురు, కోడలు అందరూ ఒకే కెన్నెడీ అయిపోయారు. ఒక్క అక్షరం పోతే ఒక చుట్టరికమే కనిపించకుండా పోయింది.

ఈ పేరు మొదటి వలస దూరదేశానికి కాదు, పక్క గట్టుకే. పన్నెండో శతాబ్దంలో దాయాదులైన ఓబ్రయన్లతోనూ, మరో వంశంతోనూ పోరు పెరిగి, ఓ కినేడె వాళ్లు షానన్ దాటి తూర్పు గట్టున టిప్పరరీ ఉత్తర భాగానికి వచ్చారు. ఆ ప్రాంతాన్ని ఆర్మండ్ అంటారు. పాత గట్టున వాళ్ల పేరు మాత్రం మిగిలిపోయింది. క్లేర్‌లో కిల్లోకెన్నెడీ అనే చోటు ఇప్పటికీ ఉంది. ఓ కినేడె వాళ్ల గుడి అని దాని అర్థం. మనుషులు వెళ్లిపోయినా ఊరి పేరులో ఇంటి పేరు నిలుస్తుంది. మన కొండల్లో పాడుబడిన ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు పెద్దల్ని అడిగితే ఇలాంటివి ఎన్ని బయటపడతాయో చూడండి.

ఆర్మండ్‌లో వాళ్లు కొన్ని వందల ఏళ్లు నాయకులుగా ఉన్నారు. కోటలు కట్టారు. వంశం పెద్దదై శాఖలు చీలింది. ఆ శాఖలకు పెట్టుకున్న గుర్తులు సరదాగా ఉంటాయి. ఫిన్, డొన్, రువా. అంటే తెల్లజుట్టు వాళ్లు, గోధుమరంగు జుట్టు వాళ్లు, ఎర్రజుట్టు వాళ్లు. ఒకే ఇంటి పేరులో ఎవరు ఏ శాఖో తెలుసుకోవడానికి ఇలా పెట్టుకున్నారు.

అప్పటికే ఇంగ్లండు రాజుల తరఫున నార్మన్లు ఐర్లండ్‌లో దిగారు. 1169 నుంచి వాళ్ల రాక మొదలైంది. ఆర్మండ్‌లో బట్లర్ అనే కుటుంబం బలపడింది. రాజుకు పానీయాలు అందించే ఉద్యోగం పేరే వాళ్లకు ఇంటి పేరు అయింది. 1328లో వాళ్లు ఆర్మండ్ ప్రభువులు అనే బిరుదు తెచ్చుకున్నారు. ఆ నేల కెన్నెడీల చేతిలో ఉన్నా దాని పేరు మాత్రం ఇంకొకరి బిరుదులోకి వెళ్లింది. నేల కంటే ముందు నేల పేరు చేతులు మారిందన్నమాట.

తర్వాత పేర్ల మీదే చట్టాలు వచ్చాయి. 1366లో కిల్కెన్నీ శాసనాలు అని చేశారు. ఐర్లండ్‌లో ఉంటున్న ఇంగ్లీషువాళ్లు ఐరిష్ భాష మాట్లాడకూడదు, ఐరిష్ పేర్లు పెట్టుకోకూడదు, ఐరిష్ వాళ్లతో పెళ్లి సంబంధాలు కలుపుకోకూడదు అని. అప్పటికే వాళ్లు స్థానికుల్లో కలిసిపోతున్నారని పాలకుల భయం. 1465లో ఇంకో శాసనం చేశారు. డబ్లిన్ చుట్టుపక్కల ఇంగ్లీషు పాలన కింద ఉన్న ఐరిష్ వాళ్లు ఇంగ్లీషు పేరు పెట్టుకోవాలి. ఎలాంటి పేర్లు పెట్టుకోవచ్చో కూడా అందులోనే చెప్పారు. ఒక ఊరి పేరు, లేకపోతే తెలుపు, నలుపు లాంటి ఒక రంగు, లేకపోతే కమ్మరి, వడ్రంగి లాంటి ఒక పని, లేకపోతే వంటవాడు లాంటి ఒక ఉద్యోగం. వంశం చెప్పే పేరు తీసేసి రంగు పేరో పని పేరో పెట్టుకోమన్నారు. రంగు పేరులో తాత ఉండడు, తెగ ఉండదు, నేల ఉండదు.

చట్టం అన్ని చోట్లా అమలు కాలేదు. కానీ దారి అటే పడింది. తర్వాతి శతాబ్దాల్లో చాలా పేర్లు అనువాదమైపోయాయి, అందులో తప్పు అనువాదాలూ ఉన్నాయి. మాక్ గౌవన్ అంటే కమ్మరి కొడుకు. వాళ్లలో చాలామంది స్మిత్ అయ్యారు. ఇది కొంత నయం, అర్థమైనా మిగిలింది. 'మాక్ అన్ టీర్' అంటే వడ్రంగి కొడుకు. కానీ అందులో ఉన్న 'సేర్' అనే మాటకు స్వేచ్ఛ గలవాడు అనే అర్థం కూడా ఉంది. అది పట్టుకొని కొందరిని ఫ్రీమన్ అని రాశారు. భాష సగం తెలిసిన మనిషి పేరు రాస్తే ఇలాగే ఉంటుంది.

ఓ కినేడె వాళ్లకు అసలు దెబ్బ పదిహేడో శతాబ్దంలో తగిలింది. 1649లో ఇంగ్లండు నుంచి క్రామ్‌వెల్ సైన్యంతో దిగాడు. 1652లో ఒక చట్టం చేసి ఐరిష్ కేథలిక్ భూస్వాముల భూములు లాక్కున్నారు. వాళ్లను షానన్ పడమటికి, రాళ్లు ఎక్కువగా ఉన్న నేలలకు పొమ్మన్నారు. 1654 మే 1 గడువు. టిప్పరరీలో కెన్నెడీల భూములు కూడా సైనికులకు, అప్పులిచ్చిన వ్యాపారులకు పంచేశారు. 1641లో ఐర్లండ్ భూమిలో సుమారు 60 శాతం కేథలిక్కుల చేతిలో ఉండేది. 1703 నాటికి అది 14 శాతానికి పడిపోయింది. అరవై ఏళ్లలో, అంటే రెండు తరాల్లో. కాగితం చేతిలో ఉన్నవాడికి నేల దక్కింది. దున్నేవాడు తన నేలలోనే కౌలుదారు అయ్యాడు. మన ప్రాంతంలో 1/70 ఎందుకు అవసరమైందో తెలిసిన వాళ్లకు ఇంతకంటే వివరం చెప్పనక్కరలేదు.

భూమి పోయినవాడికి తన పేరు కూడా బరువు అవుతుంది. ఓ, మాక్ ఉన్న పేరు అంటే ఐరిష్ వాడు, కేథలిక్, అనుమానించదగ్గవాడు అని ముద్ర పడింది. ఉద్యోగానికీ, కౌలుకూ, కోర్టుకూ వెళ్లినప్పుడు అది అడ్డం. అందుకని చాలామంది నోళ్లలో ఆ అక్షరం రాలిపోయింది. కొన్ని చోట్ల గుమాస్తా రాయలేదు. కొన్ని చోట్ల ఇంటివాళ్లే చెప్పడం మానేశారు. ఓ కినేడె కాస్తా కెన్నెడీ అయింది. ఓ సూలవాన్ సల్లివన్ అయింది. ఓ మురహు మర్ఫీ అయింది. ఎవరూ కొట్టి తీసేయలేదు, అవసరం తీసేసింది. అవసరం తీసేసినవాటిని తిరిగి తెచ్చుకోవడం ఎక్కువ కష్టం.

ఇప్పుడు సముద్రం దగ్గరకు వచ్చాం. పంతొమ్మిదో శతాబ్దం మొదటికి ఐర్లండ్ పేదలు దాదాపు బంగాళాదుంప మీదే బతికేవారు. కొద్ది నేలలో ఒక కుటుంబానికి కడుపు నింపే పంట అదొక్కటే. మంచి నేలల్లో పండే ధాన్యం, పెంచే పశువులు అద్దె కట్టడానికి పోయేవి. 1845లో దుంపకు తెగులు వచ్చింది. తవ్వితే దుంప నల్లబడి కుళ్లి ఉండేది. 1846లో పంట మొత్తం పోయింది. 1852 దాకా ఆ కరువు సాగింది. సుమారు పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చనిపోయారు. మరో పది లక్షల మంది దేశం వదిలారు. అదే కాలంలో ఐర్లండ్ ఓడరేవుల నుంచి ధాన్యం ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది. 1841లో ద్వీపం జనాభా 81 లక్షలు దాటి ఉండేది. ఇన్నేళ్లయినా ఈ రోజుకీ ఆ లెక్కను అందుకోలేదు.

ఓడల్లో వెళ్లినవాళ్లందరూ బతకలేదు. 1847లో కెనడాలోని గ్రోస్ ఈల్ అనే చిన్న ద్వీపంలో, ఓడ దిగగానే జ్వరాలతో చనిపోయిన వాళ్లను 5 వేల మందికి పైగా పూడ్చిపెట్టారు. ఊరి పేరూ ఇంటి పేరూ అన్నీ అక్కడే ఆగిపోయాయి.

టిప్పరరీ నుంచి కెన్నెడీ పేరు చుట్టుపక్కల జిల్లాలకు కూడా పాకింది. ఆగ్నేయాన వెక్స్‌ఫర్డ్ జిల్లాలో న్యూరాస్ రేవుకు దగ్గరగా డంగన్స్‌టౌన్ అనే పల్లె ఉంది. అక్కడి కౌలు రైతు ఇంట్లో పెద్దవాడు కాని కొడుకు పాట్రిక్ కెన్నెడీ. ఆ కరువు రోజుల్లోనే, ఇరవై ఆరేళ్ల వయసు దగ్గర్లో, అమెరికాలోని బోస్టన్ చేరాడు. అక్కడ పీపాలు చేసే పని చేశాడు. తన జిల్లా నుంచే వచ్చిన బ్రిజెట్ మర్ఫీని 1849లో పెళ్లి చేసుకున్నాడు. 1858 జనవరిలో వాళ్లకు కొడుకు పుట్టాడు. అదే సంవత్సరం నవంబరులో పాట్రిక్ జబ్బు చేసి చనిపోయాడు. బ్రిజెట్ ఇళ్లల్లో పనిచేసి, తర్వాత ఒక చిన్న దుకాణం పెట్టుకొని పిల్లల్ని పెంచింది. ఈ కథలో పేరు నిలబెట్టినవాళ్లు ఎవరని మమ్మల్ని అడిగితే మేము బ్రిజెట్ పేరే చెబుతాం. ఇంటి పేరు మగవాడి వైపు నుంచి వస్తుంది, కానీ దాన్ని చాలాసార్లు మోసుకొచ్చేది వేరే ఇంటి పేరుతో వచ్చిన ఆడమనిషి.

ఆ పసివాడు పెద్దయ్యాక సారా దుకాణం నడిపి, మసాచుసెట్స్ శాసనసభకు ఎన్నికయ్యాడు. అతని కొడుకు జోసెఫ్ వ్యాపారంలో గడించి బ్రిటన్‌లో అమెరికా రాయబారి అయ్యాడు. జోసెఫ్ కొడుకు జాన్ ఫిట్జ్‌జెరాల్డ్ కెన్నెడీ 1960లో అమెరికా అధ్యక్షుడిగా గెలిచాడు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి కేథలిక్ ఆయనే. ఆయన పేరులో మధ్యనున్న ఫిట్జ్‌జెరాల్డ్ తల్లి వైపు ఇంటి పేరు. అది నార్మన్లతో వచ్చిన పేరు. ఫిట్జ్ అంటే కూడా కొడుకే. ఒకప్పుడు ఐర్లండ్ మీదికి వచ్చినవాళ్ల పేరూ, అక్కడ ముందే ఉన్నవాళ్ల పేరూ ఒకే మనిషిలో చేరాయి. 1963 జూన్‌లో ఆయన న్యూరాస్ వెళ్లి, ముత్తాత వదిలి వచ్చిన డంగన్స్‌టౌన్ ఇంట్లో బంధువులతో కూర్చుని టీ తాగాడు. ముత్తాత ఓడ ఎక్కకపోతే తానూ ఇక్కడే ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ ఉండేవాణ్ణని సభలో సరదాగా అన్నాడు. అదే ఏడాది నవంబరు 22న ఆయన్ను కాల్చి చంపారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కెన్నెడీ అనే పేరున్న ప్రతివాడూ ఈ వంశం వాడు కాడు. స్కాట్లండ్ నైరుతిన కూడా కెన్నెడీలు ఉన్నారు. వాళ్లది వేరే వంశం. వాళ్లలో కొందరు పదిహేడో శతాబ్దంలో ఉత్తర ఐర్లండ్‌కు వచ్చి స్థిరపడ్డారు. పేరు ఒకటే, మూలం వేరు. మన దగ్గరా ఒకే ఇంటి పేరు రెండు మూడు కులాల్లో, తెగల్లో కనిపిస్తుంది. ఇంటి పేరు చూసి తొందరపడి చుట్టరికం కట్టకూడదు. ఊరు అడగాలి, గట్టు అడగాలి, వేల్పు ఎవరో అడగాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ కథలో మనలాంటి వాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలో చోక్టా అనే ఆదివాసీ తెగను 1831 నుంచి మిసిసిపీ ప్రాంతంలోని సొంత నేల నుంచి వెళ్లగొట్టి, ఇప్పటి ఓక్లహోమా వైపు నడిపించారు. దారిలో వేలమంది చనిపోయారు. పదహారేళ్లు గడిచాయో లేదో, 1847లో ఐర్లండ్ కరువు వార్త వాళ్లకు చేరింది. తమకే సరిగా లేని ఆ రోజుల్లో వాళ్లు 170 డాలర్లు పోగుచేసి పంపించారు. ఐర్లండ్ దాన్ని మరిచిపోలేదు. కార్క్ జిల్లాలోని మిడిల్‌టన్ ఊళ్లో తొమ్మిది పెద్ద గద్ద ఈకలు గిన్నె ఆకారంలో నిలబడినట్టు ఉక్కుతో ఒక స్మారకం కట్టారు. 2018లో చోక్టా యువత ఐర్లండ్‌లో చదువుకోవడానికి ఉపకార వేతనం ప్రకటించారు. 2020లో కరోనా వచ్చినప్పుడు నవాహో, హోపీ ఆదివాసీలకు ఐరిష్ ప్రజలు ఆ పాత సాయాన్ని తలచుకొని డబ్బు పంపారు.

అయితే రెండో వైపు కూడా దాచకూడదు. ఐర్లండ్‌లో నేల పోగొట్టుకొని అమెరికాకూ ఆస్ట్రేలియాకూ వెళ్లినవాళ్లు, అక్కడి ఆదివాసుల నుంచి తీసుకున్న నేల మీదే ఇళ్లు కట్టుకున్నారు. నష్టపోయినవాడు ఇంకొకరిని నష్టపరచడనే నమ్మకం లేదు. మనం పైకి వచ్చాక ఎవరి మీద నిలబడ్డామో చూసుకోవాలని ఈ చరిత్ర చెబుతోంది.

ఇక పోయిన అక్షరం సంగతి. 1893లో డబ్లిన్‌లో గేలిక్ లీగ్ అనే సంఘం పెట్టారు. డగ్లస్ హైడ్, ఓయిన్ మాక్‌నీల్ లాంటివాళ్లు ముందు నిలిచారు. ఐరిష్ భాష మాట్లాడదాం, రాద్దాం, మన పేర్లు మన భాషలో చెప్పుకుందాం అన్నారు. మన వి.వి. గిరి గారు 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివింది ఆ వేడి ఉన్న రోజుల్లోనే. సల్లివన్లలో చాలామంది మళ్లీ ఓసల్లివన్లు అయ్యారు. మర్ఫీలు మాత్రం మర్ఫీలుగానే ఉండిపోయారు. కెన్నెడీల్లోనూ ఎక్కువమంది ఓ పెట్టుకోలేదు. తెచ్చుకున్నవాళ్లు గొప్ప, తెచ్చుకోనివాళ్లు తక్కువ అని మేము అనం. కానీ ఇద్దరికీ ఆ అక్షరం ఎక్కడ పోయిందో తెలుసు. మాకు ముఖ్యం అది.

వాళ్లకు ఎలా తెలిసింది? 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదట్లో, డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనం పేలి తగలబడింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనాభా లెక్కల పత్రాలు చాలావరకు అక్కడే బూడిదయ్యాయి. ఏడు వందల ఏళ్ల కాగితాలు ఒక్క రోజులో పోయాయి. అయినా వాళ్లు ఊరుకోలేదు. 1937 నుంచి 1939 వరకు ఒక పని చేశారు. ఐదు వేల బడుల్లో చదివే సుమారు 50 వేల మంది పిల్లలకు నోటుపుస్తకాలు ఇచ్చి, ఇంటికెళ్లి తాతను, అమ్మమ్మను, పక్కింటి ముసలివాళ్లను అడిగి రాసుకురమ్మన్నారు. ఊరి కథలు, కరువు జ్ఞాపకాలు, పొలాల పేర్లు, మందు మొక్కలు, ఇళ్ల కథలు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు రాశారు. ఆ నోటుపుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. కాలిపోయిన కాగితం చెప్పలేనిది పిల్లల చేతిరాత చెబుతోంది.

మేము ఉపాధ్యాయ శిక్షణ తీసుకున్నవాళ్లం, వసతి గృహం నడిపేవాళ్లం కాబట్టి ఈ చివరి సంగతి మమ్మల్ని ఎక్కువగా పట్టుకుంది. ప్రతి జూన్‌లో అడ్మిషన్ల రిజిస్టరు ముందు కూర్చుంటే ఒకే బిడ్డ ఇంటి పేరు ఆధార్‌లో ఒక రకంగా, కుల ధ్రువీకరణ పత్రంలో ఒక రకంగా, టీసీలో ఇంకో రకంగా కనిపిస్తుంది. మన భాషలో ఉన్న శబ్దం తెలియని మనిషి తన చెవికి తోచినట్టు రాస్తాడు. ఒకచోట దీర్ఘం పోతుంది, ఒకచోట అక్షరమే మారుతుంది. దాంతో ఉపకార వేతనం ఆగుతుంది, ఉద్యోగం దగ్గర కాగితాలు వెనక్కి వస్తాయి. ఇంకో రకం పిల్లలూ ఉన్నారు. పట్నం కాలేజీకి వెళ్లగానే ఇంటి పేరు ఒక్క పొడి అక్షరం చేసి పెట్టుకుంటారు. ఎవరో నవ్వారని. వికారమైన తల అనే అర్థం ఉన్న పేరును వెయ్యేళ్లు మోసిన ఇంటి కథ ఇందాకే విన్నాం. నవ్వే వాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల కోసం తాతను పేరులోంచి తీసేయక్కర్లేదు.

మన దగ్గర చెప్పేవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఆదిలాబాద్ వైపు ప్రధానులు కిక్రీ వాయిస్తూ గోండుల సగల కథలు చెబుతారు. కోయల్లో డోలీలు పడిగె విప్పి వంశాల కథ పాడతారు. కోయ డోలీ సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఐర్లండ్‌లో ఓ క్లేరీ వంశం వాళ్లు చేసింది కూడా ఈ పనే. 1632 నుంచి 1636 వరకు మిహాల్ ఓ క్లేరీ అనే ఆయన తోటివాళ్లతో కూర్చుని ఆ దేశపు పాత చరిత్రలన్నీ పోగుచేసి ఒక్క చోట రాశాడు. భూములు పోతున్న కాలంలో చేశాడు. ఇప్పుడు రాయకపోతే పోతుందని తెలిసే చేశాడు. మన చెప్పేవాళ్లు పెద్దవాళ్లవుతున్నారు. వాళ్ల పక్కన కూర్చునే పిల్లలు తగ్గిపోతున్నారు.

కాబట్టి మేము అడిగేది మూడు పనులు. ఒకటి, ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకెళ్లండి. మీ ఇంటి పేరును ఇంట్లో పెద్దలు ఎలా పలుకుతారో ఫోన్‌లో రికార్డు చేయండి, కింద తెలుగులో రాయండి. ఏ ఊరి నుంచి వచ్చామని చెబుతారో, ఎందుకు వచ్చారో, ఆ ఊళ్లో ఇప్పుడు ఎవరున్నారో రాయండి. మీ అమ్మ పుట్టింటి పేరు, నాయనమ్మ పుట్టింటి పేరు కూడా రాయండి, వాళ్ల వైపు కథ సగం కథ. రెండు, మీ కాగితాలన్నీ ఒకచోట పెట్టి, ఇంటి పేరు అన్నింటిలో ఒకేలా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే పదో తరగతి పరీక్ష ఫీజు కట్టకముందే సరిచేయించుకోండి. ఆ పని మీద ఆఫీసులకు తిరగడానికి భయపడకండి, పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లండి. మూడు, కొత్తగా వచ్చిన తమ్ముణ్ణో చెల్లెల్నో పేరు పట్టుకొని ఎవరైనా నవ్వితే మీరు ఆ పేరును సరిగ్గా, గట్టిగా పలికి పిలవండి. అది చాలు.

షానన్ గట్టున పుట్టిన ఒక పేరు కథ వెయ్యేళ్ల తర్వాత మన అడవి పక్కన ఈ సభలో వినిపించిందంటే, దాన్ని ఎవరో అడిగారు, ఎవరో చెప్పారు, ఎవరో రాశారు కాబట్టే. మన పేర్లకు చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. అడిగేవాళ్లు మీరు కావాలి. రాసేవాళ్లూ మీరే కావాలి.